హాట్ రాడ్ ఎంత కిందికి దిగాలె?

ఫోన్ల బండ్ల వీడియోలు చూసే పోరగాళ్లకు హాట్ రాడ్ అంటె ఏందో కొత్తగ చెప్పే పని లేదు. పాతకాలపు ఫోర్డ్ కారు. ముందు చక్రాల మీద మడ్‌గార్డులు ఉండయి. ఇంజను బయటికే కనపడ్తది. ముక్కు నేలకు ఆనినట్టు, తోక లేపినట్టు నిలబడి ఉంటది. చూసినోళ్లంత ముందుగాల అనే మాట ఒక్కటే: అబ్బ, ఎంత కిందికి దించిండ్రో!

గంత కిందికి దిగిన బండి గుంతల పడితె ఏమైతది, మలుపుల ఎట్ల తిరుగుతది, చక్రం పోయి చాసీకి ఎందుకు తాకుత లేదు అని అడిగేటోళ్లు తక్కువ. అడగాల్సింది మాత్రం గదే. బండి ఎత్తు అనేది సోకు కోసం ఆఖరుకు చేసే పని అనుకుంటరు మనోళ్లు. కాదు. స్టీరింగ్, బ్రేకు, షాకబ్జర్, జాయింట్ షాఫ్టు, అన్నీ ఆ ఎత్తును నమ్ముకొనే పని చేస్తయి. ఎత్తు మారిందంటె అన్నిటి లెక్క మారింది.

మన ఊర్లల్ల హాట్ రాడ్‌లు లేవు, మనకెందుకు అనొద్దు. స్ప్రింగులు కోసిన పాత కార్లు ఉన్నయి. పట్టీలు ఎక్కిచ్చి లేపిన జీపులు ఉన్నయి. వెనుక షాకులు మార్చిన బుల్లెట్లు గల్లీకి నాలుగు ఉన్నయి. లెక్క అన్నిటికీ ఒక్కటే. హాట్ రాడ్ల అది బట్టలు విప్పి చూపెట్టినట్టు కనపడ్తది. గందుకే దాన్ని పట్టుకున్న.

ఇది పుట్టింది అమెరికాల, దక్షిణ కాలిఫోర్నియాల. 1930లల్ల అక్కడ మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన చెరువులు ఉండేటివి. బల్లపరుపు నేల, మైళ్లకు మైళ్లు. పైసలు లేని పోరగాళ్లు తుక్కు ధరకు దొరికే ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ కార్లు తెచ్చి, బరువున్న రేకులన్నీ ఊడపీకి ఆ చెరువుల మీద ఉరికిచ్చేటోళ్లు. 1932ల ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగలిగే ధరల వీ8 ఇంజను కారు తెచ్చింది. 65 హార్స్ పవర్. ఇప్పుడు చిన్న కారుకే గంతకంటె ఎక్కువ ఉంటది గని, ఆ కాలానికి అది మస్తు. ఆ 1932 కారే హాట్ రాడ్‌లకు రాజు అయింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి సైన్యంల మెకానిక్ పని నేర్చిన పోరగాళ్లు ఇండ్లకు వచ్చినంక ఈ పిచ్చి ఇంకింత పెరిగింది. 1948ల హాట్ రాడ్ పేరుతోనే పత్రిక వచ్చింది. షెడ్డుల పుట్టిన విద్య, తుక్కు సామాన్లతోని పెరిగిన విద్య. ఇప్పుడు పైసలున్నోళ్ల సరదా అయిందనుకో, అది వేరే సంగతి.

పాత ఫోర్డ్‌ల ముందు ఒకటి, వెనుక ఒకటి, రెండే కమాన్ కట్టలు ఉండేటివి. మన జీపుకు ఉన్నట్టు నిలువుగ కాదు, యాక్సిల్ ఎంబడి అడ్డంగ. ఒక చక్రం గుంతల పడితె రెండో చక్రం కూడ ఊగేది. దాన్ని కిందికి దించనీకి ఆ పోరగాళ్లు కనిపెట్టిన ఉపాయం మంచిగుంటది. ముందు యాక్సిల్ కడ్డీని కొసలకాడ మీదికి వంచేటోళ్లు. చక్రాలు ఉన్నకాడనే ఉంటయి, నడుమ కడ్డీ 3, 4 అంగుళాలు కిందికి వస్తది, దాంతోని కారు ముక్కు దిగుతది. కమాన్ కదిలే జాగ తగ్గదు. అంటె ఆ కాలంలనే వాళ్లకు ఒక సంగతి సమజైంది: బండిని కిందికి దించుడు వేరు, స్ప్రింగు ఊగే జాగను చంపుడు వేరు.

ఇప్పుడు కిట్ల కాలం. చాసీ వెల్డింగ్ చేసి వస్తది, బాడీ ఫైబర్ గ్లాస్‌ది వస్తది, మిగిలిన సామాను డబ్బాలల్ల వస్తది. ఇంట్ల, షెడ్డుల పెట్టుకొని నెలల తరబడి బిగించుకుంటరు. ముందు సస్పెన్షన్ ఎక్కువ కిట్లల్ల మస్టాంగ్-2 నమూనాది ఉంటది. 1974 నుంచి 1978 దాక ఫోర్డ్ అమ్మిన చిన్న కారు అది. దాని ముందు భాగం పొందికగ ఉంటది, ర్యాక్ స్టీరింగ్ ఉంటది, పాత చాసీల ఇముడుతది. గందుకే ఇప్పటికీ కొత్త ఇనుముతోని అదే నమూనా చేసి అమ్ముతున్నరు.

అన్నీ పంపే కంపెనీ ఒక్కటి మాత్రం పంపలేదు: ఎత్తు. ఎందుకంటె నువ్వు ఏ ఇంజను పెడ్తవో, ఎంత టైరు ఎక్కిస్తవో, ట్యాంకు ఎక్కడ కడ్తవో వాళ్లకు తెల్వదు. ఇనుప ఇంజనుకు అల్యూమినియం ఇంజనుకు బరువుల మస్తు తేడా ఉంటది. ఆ బరువు స్ప్రింగు మీద కూసున్నంకనే ఎత్తు తేలుతది. ఆ పని కట్టుకునేటోడిదే.

ముందుగాల రెండు పేర్లు విడదీసుకోవాలె. మన మెకానిక్ షెడ్లల్ల స్ప్రింగునూ షాకబ్జర్‌నూ కలిపి "షాకులు" అంటరు. రెండు వేరు పనులు. బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ బరువు మోయదు. స్ప్రింగు ఊగుతుంటె దాన్ని ఆపేది షాకబ్జర్, లోపలి నూనె సన్న బెజ్జాలల్ల నుంచి పోయేటప్పుడు పుట్టే అడ్డుతోని. షాకబ్జర్ పోయిన బండి గుంత దాటినంక కూడ ఊగుతనే ఉంటది. స్ప్రింగు పోయిన బండి కుంగి కూసుంటది.

హాట్ రాడ్ కిట్లల్ల ఈ రెండూ ఒక్కటిగ వస్తయి. నడుమ షాకబ్జర్, దాని సుట్టు స్ప్రింగు. కాయిలోవర్ అంటరు. షాకబ్జర్ ఒంటి మీద మరలు కోసి ఉంటయి. ఆ మరల మీద ఒక కాలర్ తిరుగుతది, స్ప్రింగు దాని మీద ఆని ఉంటది. పానతోని కాలర్‌ను మీదికి తిప్పితె కారు లేస్తది, కిందికి తిప్పితె దిగుతది.

ఇక్కడనే నూటికి తొంభై మంది తప్పు అనుకునేది ఒకటుంది. కాలర్ బిగిస్తె స్ప్రింగు గట్టిపడ్తది అంటరు. బుల్లెట్ వెనుక షాకు బిగిచ్చి "గట్టిగ చేసిన" అనేటోళ్లను నేను రోజూ చూస్త. గట్టిపడదు. కిరాణం దుకాణంల స్ప్రింగు కాటా చూసిండ్రు గద. దానికి 5 కిలోల సంచి తగిలిచ్చుండ్రి. ముల్లు 5 మీద నిలబడ్తది. ఇప్పుడు కాటాను పట్టుకొని ఒక జానెడు మీదికి లేపుండ్రి. సంచి కూడ జానెడు లేస్తది, ముల్లు మాత్రం 5 మీదనే ఉంటది. కాలర్ తిప్పుడు అంటె గంతే. సెంటీమీటరుకు 50 కిలోలు మోసే స్ప్రింగు మీద 300 కిలోలు పడితె అది 6 సెంటీమీటర్లు అణుగుతది. కాలర్‌ను 2 సెంటీమీటర్లు మీదికి తిప్పినా మళ్ల 6 సెంటీమీటర్లే అణుగుతది. కారు లేస్తది, స్ప్రింగు గుణం మారదు. బిగిచ్చినంక గట్టిగ అనిపిచ్చేది ఎందుకంటె, షాకు తెరుచుకునే వైపు జాగ తగ్గి, గుంతల చక్రం కిందికి జారేటప్పుడు కొసకు టక్కున తాకుతది. మెత్త, గట్టి మారాల్నంటె స్ప్రింగునే మార్చాలె.

రెండో లెక్క. కాలర్‌ను 1 సెంటీమీటరు తిప్పితె కారు 1 సెంటీమీటరు లేస్తదా? ముందు చక్రాలకాడ లేవదు, అంతకంటె ఎక్కువ లేస్తది. ఊర్ల బోరింగు కొట్టేటప్పుడు చూడుండ్రి. మన చేతికాడ హ్యాండిల్ మూరెడు తిరుగుతది, అవతలి కొసకు కడ్డీ బెత్తెడే కదులుతది. చక్రం లోయర్ ఆర్మ్ కొసకు ఉంటది, షాకు నడుమ ఎక్కడనో బిగిచ్చి ఉంటది. ఆర్మ్ కీలు నుంచి చక్రం దాక 40 సెంటీమీటర్లు, షాకు బోల్టు దాక 24 సెంటీమీటర్లు ఉందనుకుందం. అంటె 0.6. కాలర్‌కాడ 1 సెంటీమీటరు తిప్పితె చక్రంకాడ దగ్గర దగ్గర 1.7 సెంటీమీటర్లు. గందుకే ముందు చక్రాలకాడ కాలర్‌ను ఒక్కో సుట్టు తిప్పి చూడాలె, ఏకంగ పది సుట్లు కాదు.

అదే లెక్క స్ప్రింగు బలాన్ని కూడ కోస్తది, అదీ రెండుసార్లు. 0.6ను 0.6తోని గుణిస్తె 0.36. అంటె 100 బలమున్న స్ప్రింగు చక్రంకాడికి వచ్చేసరికి 36 మాత్రమే. షాకును వాల్చి బిగిస్తె ఇంకింత తగ్గుతది. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిస్తె నాలుగింట మూడు వంతులే మిగులుతది, 45 డిగ్రీలు వాలిస్తె సగమే. చూడనీకి సోకుగ ఉంటదని వెనుక షాకులను మరీ వాల్చి బిగిచ్చినోళ్ల కారు, ఎంత గట్టి స్ప్రింగు ఏసినా కుంగుడు ఇందుకే.

ఇగ కొలుచుడు. దీంట్ల తొందర పనికిరాదు. అన్నిటికన్న ముందు నేల. షెడ్డు నేల సమానంగ కనపడ్తది గని ఉండది, నీళ్లు పోవాల్నని మేస్త్రీ వాలు పెట్టి ఉంటడు. రసమట్టం పెట్టి చూసి, పల్లం ఉన్న చక్రాల కింద రేకు ముక్కలు పెట్టి నాలుగూ ఒక్క మట్టానికి తేవాలె. నాలుగు టైర్లల్ల గాలి సరిచూడాలె. ట్యాంకుల పెట్రోలు ఉండాలె, బ్యాటరీ ఉండాలె. డ్రైవర్ సీట్ల మనిషి బరువు ఉండాలె. మనిషి గంటలు గంటలు కూసోలేడు గాబట్టి 50 కిలోల సిమెంటు బస్తా మీద 25 కిలోల బియ్యం సంచి పెడ్తె సరిపోతది. బాడీ ఎక్కియ్యక ముందు వట్టి చాసీ మీద ఎత్తు సరిచేసుకునే ఉత్సాహవంతులు ఉంటరు. ఆ కొలత పనికిరాదు, మీద బరువు పడ్డంక మళ్ల మొదటికే వస్తది.

జాకీ దించిన ఎంబడే కొలవొద్దు. జాకీ ఎత్తినప్పుడు చక్రాలు లోపలికి ముడుసుకుంటయి. దించినంక టైరు నేలను పట్టుకొని అట్లనే ఉంటది, కారు ఉన్నదానికన్న ఎత్తు చూపెడ్తది. కారును పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనుకకు నూకి, ముందూ వెనుకా రెండుసార్లు అదిమి వదిలి, అప్పుడు కొలవాలె. కొలిచేది బాడీ నుంచి కాదు, చాసీ నుంచి. ఫైబర్ బాడీ చాసీ మీద రెండు వైపులా ఒక్క తీరుగ కూసుంటదన్న నమ్మకం లేదు.

ఇంకొక చిన్న సంగతి, పెద్ద పెద్దోళ్లు కూడ మరిచేది. ఆర్ములల్ల రబ్బరు బుష్షులు ఉంటయి. వాటి బోల్టులను చక్రాలు గాలిల యాలాడుతున్నప్పుడు పూర్తిగ బిగించొద్దు. అట్ల బిగిస్తె కారు కిందికి దిగినంక రబ్బరు మెలిక పడి ఉంటది, ఎప్పుడూ మీదికి తంతనే ఉంటది. ఎత్తు తప్పు చూపెడ్తది, బుష్షు కూడ తొందరగ చినుగుతది. బరువు చక్రాల మీద పడ్డంకనే ఆఖరు బిగింపు.

ఇంతకూ ఎంత ఎత్తు? మస్టాంగ్-2 తీరు ముందు భాగానికి గుర్తు సులువు: లోయర్ ఆర్మ్ నేలకు సమాంతరంగ ఉండాలె. ఆ జాగల ఉంటెనే చక్రం మీదికి పోయినా కిందికి పోయినా దాని వంపు తక్కువ మారుతది. షాకు కదిలే జాగల సుమారు 60 శాతం మీదికి, అంటె అణగనీకి, 40 శాతం కిందికి, అంటె తెరుచుకోనీకి మిగలాలె. ఈ రెండూ కుదిరినకాడనే కారు ఎత్తు. ఇంకా కిందికి కావాల్నంటె కాలర్ తిప్పి కాదు, స్టబ్ యాక్సిల్ మార్చి, చిన్న టైరు ఏసి దించుకోవాలె. పాతోళ్లు యాక్సిల్ వంచినట్టు.

దాటొద్దని హాట్ రాడ్ కట్టేటోళ్లు గీసుకున్న గీత ఒకటుంది. కారు కింద ఉన్న ఏ భాగమైనా, అది ఆర్మ్ కానీ ఇంజను చాంబర్ కానీ షాకు బోల్టు కానీ, చక్రం రిమ్ము అడుగు కంటె కిందికి ఉండొద్దు. ఎందుకంటె టైరు పగిలి గాలి పోయిందనుకో, కారు రిమ్ము మీద కూసుంటది. అప్పుడు రిమ్ము కంటె కిందికి ఉన్నదేదైనా రోడ్డును గీకుతది, ఆ ఏగంల స్టీరింగ్ ఎటు గుంజుతదో చెప్పలేం. ఈ ఒక్క నియమం నాకు చాలా నచ్చుతది. యంత్రాలు అక్కర్లేదు. రెండు ఎదురెదురు రిమ్ముల అడుగుకు దారం గుంజి కట్టి, వంగి చూస్తె తెలుస్తది.

ఇప్పుడు అసలు చిక్కు. నాలుగు మూలల ఎత్తు సమానంగ ఉంది గాబట్టి అంతా సరిగ్గుంది అనుకునేటోళ్లకు నులక మంచం చూపెట్టాలె. ఒక కోడు రవ్వంత పొట్టిగుంటె మంచం ఎట్ల ఊగుతది? ఎదురెదురు మూలల రెండు కోళ్లు బరువు మోస్తయి, మిగిలిన రెండూ ఊరికె నేలను ముట్టుకొని ఉంటయి. కారు కూడ నాలుగు కోళ్ల మంచమే. వెనుక ఎడమ కాలర్‌ను మీదికి తిప్పితె ఆ మూలనే కాదు, దానికి ఎదురు మూల, ముందు కుడి చక్రం మీద కూడ బరువు పెరుగుతది. మిగిలిన రెండు చక్రాల మీద తగ్గుతది. స్ప్రింగులు మెత్తగ ఉంటయి గాబట్టి కారు మంచం లెక్క ఊగి చూపెట్టదు, లోపలనే దాచుకుంటది. బ్రేకు గట్టిగ కొట్టినప్పుడు బయటపడ్తది: బరువు తక్కువున్న ముందు చక్రం ముందుగాల జారుతది, కారు ఒక పక్కకు గుంజుతది.

గందుకే పని తెల్సినోళ్లు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెడ్తరు. 1,100 కిలోల కారు అనుకుందం. ముందు ఎడమ 250, ముందు కుడి 290, వెనుక ఎడమ 300, వెనుక కుడి 260. ముందు కుడినీ వెనుక ఎడమనూ కలిపితె 590. అంటె మొత్తంల దగ్గర దగ్గర 54 శాతం ఒక మూలగుంజుల మీదనే పడింది. సగం సగం రావాలె. ముందు కుడి, వెనుక ఎడమ కాలర్లను కొంచెం కిందికి, మిగిలిన రెండిటిని కొంచెం మీదికి తిప్పుకుంట 50 దగ్గరికి తెస్తరు. చేసేటప్పుడు ఎడమ కుడి చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ లింకు విప్పి పెట్టాలె, లేకపోతె అది అబద్ధం చెప్తది. ఎంత తిప్పినా మారనిది ఒకటుంది: ముందు రెండు చక్రాల మొత్తం 540, వెనుక మొత్తం 560. కాలర్లతోని అది కదలదు. అది మార్చాల్నంటె బ్యాటరీ తీసి వెనుక పెట్టాలె, లేకపోతె ట్యాంకు జరపాలె.

ముక్కు కిందికి, తోక మీదికి ఉండే ఆ వాలు హాట్ రాడ్‌కు ప్రాణం లాంటిది. దానికి కూడ ధర ఉంది. 1932 ఫోర్డ్ ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ 106 అంగుళాలు. వెనుక 2 అంగుళాలు లేపితె చాసీ మొత్తం ముందుకు సుమారు 1 డిగ్రీ వాలుతది. చాసీతోని పాటు స్టీరింగ్ తిరిగే ఇరుసు కూడ 1 డిగ్రీ ముందుకు వాలుతది. సైకిల్ ముందు ఫోర్కు వెనుకకు వాలి ఉంటది గద, ఆ వాలునే కార్లల్ల క్యాస్టర్ అంటరు. చక్రం తనంతట తాను సక్కగ వచ్చుడు దాని పుణ్యమే. సరిచూసుకున్న కారుకు తోక 2 అంగుళాలు లేపితె ఆ పుణ్యంల 1 డిగ్రీ పోతది. రోడ్డు మీద అటూ ఇటూ పోతుందని స్టీరింగ్ బాక్సును తిట్టేటోళ్లు చానా మంది ఉంటరు. దాని తప్పేం లేదు, తోక లేపిన నాడు క్యాస్టర్ మళ్ల చూసుకోలేదు, గంతే.

వెనుక యాక్సిల్ సంగతి. కాయిల్ స్ప్రింగులున్నకాడ యాక్సిల్ పక్కకు జరగకుండ ఒక కడ్డీ అడ్డంగ ఉంటది, ఒక కొస చాసీకి, ఒక కొస హౌజింగ్‌కు. దాన్ని పాన్‌హార్డ్ రాడ్ అంటరు. కారు తన ఎత్తుల నిలబడ్డప్పుడు అది నేలకు సమాంతరంగ ఉండాలె. ఎందుకో లెక్క చూడుండ్రి. 75 సెంటీమీటర్ల కడ్డీ సమంగ ఉంటె, చక్రం 5 సెంటీమీటర్లు లేచినప్పుడు యాక్సిల్ పక్కకు జరిగేది 2 మిల్లీమీటర్ల లోపే. అదే కడ్డీ ఒక కొస ముందే 10 సెంటీమీటర్లు ఎత్తుల ఉండి, ఇంకో 5 లేస్తె, 8 మిల్లీమీటర్లు దాటి జరుగుతది. ప్రతి గుంతకూ వెనుక భాగం పక్కకు తన్నినట్టు అయితది. కాలర్ తిప్పి ఎత్తు మార్చినోడు ఈ కడ్డీ బోల్టు జాగ కూడ మార్చాలె.

జాయింట్ షాఫ్టు కూడ ఇదే బాధ పడ్తది. గేర్ బాక్సు తోక 3 డిగ్రీలు కిందికి చూస్తుంటె, హౌజింగ్ ముక్కు 3 డిగ్రీలు మీదికి చూడాలె. రెండూ సమాంతరంగ ఉంటె రెండు క్రాసుల కుదుపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటది. వెనుక ఎత్తు మారితె ఈ జోడి చెడ్తది, స్పీడుల బండి కింద గుయ్యి మంటది, క్రాసులు తొందరగ పోతయి. మన జీపు లేపినోళ్లకు ఈ గుయ్యి బాగ తెల్సిన పాటే.

మన దగ్గరికి వచ్చింది గాబట్టి ఇక్కడనే చెప్త. కార్ల ఎత్తు తగ్గియ్యనీకి ఊర్లల్ల చేసే అగ్గువ పని రెండు తీర్లు: కటింగ్ బ్లేడుతోని స్ప్రింగు సుట్లు కోసుడు, లేకపోతె గ్యాస్ మంటతోని కాల్చి కుంగేటట్టు చేసుడు. మొదటిదే చెడ్డదంటె, రెండోది ప్రాణాల మీదికి తెచ్చేది. 8 సుట్ల స్ప్రింగుల 2 కోస్తె మిగిలిన 6 సుట్లు మూడో వంతు ఎక్కువ గట్టిపడ్తయి, ఊగే జాగ తక్కువైతది, స్ప్రింగు పొట్టిదైంది గాబట్టి చక్రం గాలిల యాలాడినప్పుడు తన సీటు నుంచే జారి రావచ్చు. ఇగ మంట సంగతి మన కమ్మరోళ్లను అడుగుండ్రి. పాత లారీ కమాన్ పట్టీతోని గొడ్డలి, కొడవలి చేసేటప్పుడు ఎర్రగ కాల్చి సాగగొట్టి వదిలిపెట్టరు. మళ్ల కాల్చి, నీళ్లల్లనో నూనెలనో ముంచి, పదును పట్టిస్తరు. ఎందుకంటె కాలిన ఉక్కు తన పదును మరిచిపోతది. గ్యాస్ మంట పెట్టినోడు స్ప్రింగుకు ఆ పదును తీసేస్తడు, మళ్ల పెట్టడు. కాలినకాడ మెత్తబడి, దాని పక్కనే పెళుసుబారి, ఏ రోజు ఏ గుంతల విరుగుతదో తెల్వని స్ప్రింగు మీద ఇంటిల్లిపాదీ కూసొని పోతరు. కొలిమి ముందట కూసున్న కమ్మరికి తెల్సిన ఈ సంగతి, అలాయ్ చక్రాలు అమ్మే షోరూంల పోరగానికి తెల్వదు. చదువు ఎవరిది, పని ఎవరిది అన్న లెక్క నాకు ఇక్కడ మస్తు కోపం తెప్పిస్తది.

చట్టం కూడ తెల్సుకోవాలె. అమెరికాల ఇంట్ల కట్టిన బండ్లకు రాష్ట్రాలు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతులు పెట్టినయి. మన దగ్గర అట్ల లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతోని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాక జైలు, లేకపోతె రెండూ ఏసే వీలు వచ్చింది. ఈ చట్టం మీద నాకు పేచీ ఉంది. పని తెల్సినోడు పరీక్షకు నిలబడి పాసయ్యే తొవ్వ ఒకటి ఉండాల్నని నా వాదన. గని తొవ్వ లేనంత కాలం రోడ్డు మీద పట్టుబడేది షోరూంల పైసలు తీసుకున్నోడు కాదు, బండి పేరు మీద ఉన్న పోరగాడు.

మళ్ల షెడ్డుకు పోదాం. ఎత్తు కుదిరింది, నాలుగు మూలల బరువు కుదిరింది. ఇప్పుడు అలైన్‌మెంట్. వరుస తప్పొద్దు: ముందు క్యాస్టర్, తర్వాత చక్రం వంపు, ఆఖరుకు టో, అంటె రెండు ముందు చక్రాలు ఒకదానిదిక్కు ఒకటి ఎంత చూస్తున్నయో అది. పైవి మార్చిన ప్రతిసారీ టో మారుతది గాబట్టి దాన్ని ముందే సరిచేస్తె పని రెండింతలు. ఇంకొక పరీక్ష చేయాలె. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతోని మెల్లగ మీదికీ కిందికీ కదిపి చూడాలె. చక్రం తనంతట తాను లోపలికో బయటికో తిరుగుతుంటె టై రాడ్ కోణం తప్పు ఉన్నట్టు. అట్లనే వదిలేస్తె గుంత వచ్చినప్పుడల్లా నువ్వు తిప్పకుండనే కారు తిరుగుతది. ర్యాక్ ఎత్తు మార్చి, టై రాడ్ లోయర్ ఆర్మ్‌తోని సమాంతరంగ వచ్చేటట్టు చూసుకోవాలె.

షాకబ్జర్ మీద ఉండే చిన్న గుండీ ఆఖరు పని. దాన్ని అన్నిటికన్న మెత్త జాగల పెట్టి, తెల్సిన గుంతల రోడ్డు మీద తోలి, రెండేసి క్లిక్కులు పెంచుకుంట పోవాలె. గుంత దాటినంక ఒక్కసారి లేచి దిగి ఆగితె చాలు. ఇంకా పెంచితె చక్రం రోడ్డును ఇడిసి తపతప కొడ్తది. గుండీ ఎత్తును మార్చదు, దానితోని ఎత్తు సరిచేద్దామని చూడొద్దు.

కాలర్ లాకు నట్టు బిగిచ్చి, మీద తెల్ల పెయింటుతోని గీత కొట్టాలె. అది తిరిగిందా లేదా అనేది చూపుతోనే తెలుస్తది. స్టీరింగ్ రెండు దిక్కులా కొస దాక తిప్పి టైరు ఎక్కడ గీకుతుందో, బ్రేకు పైపు ఎక్కడ గుంజుకుంటుందో చూడాలె. చక్రం పూర్తిగ అణిగినప్పుడు ఒకసారి, పూర్తిగ యాలాడినప్పుడు ఒకసారి. ఆ నాలుగు మూలల కొలతలు, కాలర్ కింద కనపడే మరల లెక్క, టైర్ల గాలి, ట్యాంకుల ఎంత పెట్రోలు ఉందో, ఒక నోటుబుక్కుల తేదీ ఏసి రాసుకోవాలె. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచినంక రవ్వంత కుంగుతయి. అప్పుడు అదే నేల మీద, అవే రెండు సంచులు సీట్ల పెట్టి, మళ్ల కొలవాలె.